ఎడమవైపు కిటికీ

ఆ జాతీయ ప్రయోగశాలలో అంతరిక్షానికి వెళ్లే పరికరాలకు తొడుగులు కుట్టేది ఒకే ఒక్క మనిషి. అందరూ ఆమెను కుట్టుపని అక్క అనేవారు. ఒకప్పుడు కోట్లు కుట్టిన చేతులతోనే ఆమె వెండిలా మెరిసే పలుచని పొరలు పేర్చి, పరికరాలు ఎండకు మాడకుండా, చలికి బిగుసుకుపోకుండా తొడుగులు కుట్టేది.

ఒకరోజు ఒక కుర్ర శాస్త్రవేత్త తొడుగు బొమ్మ గీసిన కాగితం తెచ్చాడు. సూర్యుడి నుంచి వచ్చే కణాలను లెక్కపెట్టే పెట్టె అతనిది.

అక్క కాగితం అటూ ఇటూ తిప్పి చూసింది. "సార్, కణాలు లోపలికి పోవాల్సిన ఈ కిటికీ ఎడమవైపు ఉందేంటి?"

"కంప్యూటర్ గీసిందక్కా. తప్పెందుకవుతుంది? ఇదేమన్నా చొక్కానా?"

అక్కకు చురుక్కుమంది. గోధుమరంగు కాగితాన్ని అదే కొలతకు కత్తిరించి, మర్నాడు పొద్దున్నే దుమ్ము పడకుండా తెల్ల గౌనూ టోపీ వేసుకుని పరికరాల గదికి వెళ్లి, అందరి ముందూ పెట్టెకు తొడిగింది. కాగితం అతికినట్టు సరిపోయింది. కిటికీ మాత్రం స్క్రూల మీదకు వచ్చింది. కణాలను చూడాల్సిన కన్ను పూర్తిగా మూసుకుపోయింది.

అక్కడే ఉన్న ప్రయోగశాల డైరెక్టరమ్మ వంగి చూసింది. "ఏమయ్యా, నీ పెట్టె సూర్యుణ్ణి చూడ్డానికి వెళ్తోందా, సిగ్గుపడి మొహం దాచుకోవడానికా?"

అందరూ గొల్లున నవ్వారు. అతని చెవులు ఎర్రబడ్డాయి. అప్పటిదాకా గెలిచానని మురిసిన అక్కకు మనసు చివుక్కుమంది.

"నేనూ ఒక పెళ్లికొడుకు కోటుకి రెండూ ఎడమ చేతులే కుట్టాను సార్," అంది.

"తర్వాత?"

"పెళ్లయ్యేదాకా పాపం చేతులు కట్టుకునే ఉన్నాడు."

ఈసారి అతనే ముందు నవ్వాడు. బొమ్మ సరిచేశాడు. ఆమె తొడుగు కుట్టిన రెండు రోజులూ పక్కనే కూర్చుని సూదిలో దారం ఎక్కించబోయి, పదకొండోసారికి ఎక్కించాడు. అంతరిక్షంలోలా గాలి తీసేసిన గదిలో మూడు రోజులు పరీక్షించినా పెట్టె గోరువెచ్చగానే ఉంది.

రాకెట్ ప్రయోగం జరిగిన నెలకు అతను పరుగున వచ్చి, అక్కను తెర ముందుకు లాక్కెళ్లి ముందు వరుసలో కూర్చోబెట్టాడు. తెర మీద ఒక గీత వణుకుతూ పైకి లేస్తోంది.

"ఏంటి సార్ ఇది?"

"సూర్యుడి దగ్గర్నుంచి కణాలు వస్తున్నాయక్కా. మీరు కత్తిరించిన కిటికీలోంచే."

అక్కకు ఆ గీత ఏమీ అర్థం కాలేదు. అయినా కళ్లార్పకుండా చాలాసేపు చూసింది. ఇంటికెళ్లి భర్తకు చెబితే ఆయన సగమే నమ్మాడు.