నేల తగిలిన కాయ

రసం మోచేతి దాకా కారుతుంటే నాక్కుంటూ చిన్న రసాలు తినే మనలో, ఆ కాయ చెట్టు దిగిన తీరు గురించి ఆలోచించేవాళ్ళు ఎంతమంది? నూజివీడు నుంచి చాట్రాయి వెళ్ళే దారిలో ఏ మామిడి తోటలోకైనా మే నెలలో పొద్దున్నే వెళ్ళి చూడండి. మగవాళ్ళు చెట్ల మీద ఉంటారు. ఆడవాళ్ళు చెట్ల కింద ఉంటారు. పైవాళ్ళు చిక్కంతో, అంటే పొడవాటి గడకి వలా బ్లేడూ కట్టిన కోత కర్రతో, తొడిమ ఊడకుండా కాయ కోసి, గోతాంలో వేసి, తాడుతో కిందికి దించుతారు. కిందవాళ్ళు అందుకుని, సొన తుడిచి, ఏరి, ట్రేలలో సర్దుతారు. చూడ్డానికి ముచ్చటగానే ఉంటుంది. పైవాళ్ళ కూలి కిందవాళ్ళ కూలికి దాదాపు రెట్టింపని ఎవరైనా చెబితే తప్ప తెలియదు. ఆడది చెట్టెక్కితే మరుసటేడు కాపు నిలవదని ఆ పక్క ఒక నమ్మకం ఉంది. చెట్టు కాపు గురించి అంత బెంగపడే పెద్దమనుషులు ఆడకూలీల కడుపు గురించి ఎందుకు బెంగపడరో నాకు ఇప్పటికీ అర్థం కాదు.

సువార్త ఆ కిందవాళ్ళలో ఒకతె. పాండురంగారావు గారి తోటలో ఆరేళ్ళుగా కాయలు ఏరుతోంది. చీర మీద మొగుడి పాత చొక్కా తొడుక్కుని, తలకి తువ్వాలు చుట్టుకుని, వంచిన తల ఎత్తకుండా పని చేసుకుపోతుంది. మేస్త్రీ కిషోర్ బాబు పిలిస్తే పలకడానికి కూడా ఒకసారి ఆలోచిస్తుంది. ఆమె మొదటి నుంచీ ఇలా లేదు. చింతలపూడి అవతల పుట్టింట్లో, తండ్రి కాపలా ఉన్న తోటలో, పదిహేనేళ్ళకే చిక్కం పట్టుకుని చెట్టెక్కిన పిల్ల. అక్కడ చూసేవాళ్ళు లేరు కాబట్టి అడ్డం చెప్పేవాళ్ళూ లేరు. గొంతు కూడా అలాంటిదే. ఈ గట్టు మీద పిలిస్తే అవతలి తోటలో వినపడేది.

ఆ గొంతే తన కొంప ముంచిందని ఆమె నమ్మకం. రెండేళ్ళ కిందట ఒక మధ్యాహ్నం, గట్టు పక్కనున్న పెద్ద రసం చెట్టు మీద ఆమె భర్త క్రీస్తుదాసు కాయలు కోస్తున్నాడు. అన్నం క్యారేజీ తెచ్చిన సువార్త కింద నిలబడి గట్టిగా పిలిచింది. అతను తిరిగి చూశాడు. కాలు జారింది. తుంటి ఎముక విరిగింది. ఆపరేషన్ చేసి ప్రాణం నిలబెట్టారు గానీ క్రీస్తుదాసు ఇక చెట్టెక్కలేడు. కర్ర ఊతంతో వాకిట్లోకి వచ్చి కూర్చుంటాడు, అంతే. అతను ఆమెని ఒక్క మాట అనలేదు. పేటలో మాత్రం అన్నారు. మొగుణ్ణి పిలిచి మరీ పడేసిందట అన్న మాట ఆమె చెవిన పడింది. ఆ రోజు నుంచి సువార్త గట్టిగా మాట్లాడటం మానేసింది.

ప్రతి శుక్రవారం చర్చిలో ఆడవాళ్ళ ఉపవాస ప్రార్థన జరుగుతుంది. ఒక్కొక్కరే లేచి, ఆ వారం ప్రభువు తమకి చేసిన మేలు నలుగురిలో చెప్పుకుంటారు. సువార్త ఎప్పుడూ లేవలేదు. గుమ్మం దగ్గర చెప్పుల పక్కన కూర్చుని, కొంగు నోటికి అడ్డం పెట్టుకుని, ఒకటే ప్రార్థన చేసుకునేది. ఆ రోజు పిలిచినందుకు నన్ను క్షమించు ప్రభువా అని. రెండేళ్ళలో ఒక్క శుక్రవారం కూడా మానలేదు.

ఆ సంఘంలో దీనమ్మ అందరికన్నా పెద్దది. చూపు మందగించింది గానీ చెవీ నాలుకా మందగించలేదు. మొన్న ఏప్రిల్ చివర్లో ఒక శుక్రవారం ఆమె వచ్చి సువార్త పక్కన చతికిలబడింది.

"ఏమే, ఆయన నిన్ను క్షమించాడా?"

"ఏమో పెద్దమ్మా."

"రెండేళ్ళుగా అడుగుతున్నావుగా. యేసయ్యకి చెవుడనుకున్నావా?"

సువార్త కొంగు ఇంకా గట్టిగా నోటికి అదుముకుంది.

"మొదటి శుక్రవారమే క్షమించాడే పిచ్చిదానా. రెండోసారి అడిగావంటే ఆయన మాట నమ్మలేదన్నమాట. వందోసారి అడుగుతున్నావు. నేనైతే కసురుకునేదాన్ని, ఆయన కాబట్టి ఊరుకున్నాడు. ఇంక అడగటం ఆపు. ఆయన బిడ్డవి నువ్వు. చెప్పుల దగ్గర కూర్చోమని పిలిచాడా నిన్ను?"

ఆ మాట సువార్తని ఇంటి దాకా వెంటాడింది. అన్నం వండుతున్నా అదే, ట్రేలు సర్దుతున్నా అదే. అయినా ఆ తర్వాతి శుక్రవారం ఆమె మళ్ళీ చెప్పుల దగ్గరే కూర్చుంది.

మే రెండో వారంలో ఒక మంగళవారం, తెల్లారేసరికి అందరి ఫోన్లలోనూ ఒకటే కబురు. సాయంత్రం పెద్ద గాలివాన. కాయ చెట్టు మీద ఉండగా గాలి వచ్చిందంటే రైతుకి ఏడాది కష్టం నేల పాలే. పాండురంగారావు గారు టీ కూడా తాగకుండా తోటకి వచ్చేశారు. చూస్తే కోతవాళ్ళు ఇద్దరే ఉన్నారు. మిగతావాళ్ళని ఇంకో రైతు ముందు రోజే తీసుకుపోయాడు. ఉన్న ఇద్దరూ మధ్యాహ్నం మూడింటికల్లా చిన్న చెట్లన్నీ దించేశారు. గట్టు పక్కన పెద్ద చెట్టు మిగిలింది.

"దాని జోలికి మేం వెళ్ళం అంటున్నారండి," అన్నాడు కిషోర్ బాబు. "క్రీస్తుదాసు పడ్డ దగ్గర్నుంచీ ఎవడూ ఎక్కడం లేదు. కింద నుంచి గడకి అందినవి కోద్దాం. పైవి వదిలేసుకోండి."

పాండురంగారావు గారు తలెత్తి చూశారు. కాయంతా పైనే ఉంది. పడమట ఆకాశం నల్లబడుతోంది.

"నేనెక్కుతానండి."

ఎవరన్నారో మొదట ఎవరికీ తెలియలేదు. అన్నది తనేనని సువార్తకే ఒక క్షణం ఆలస్యంగా తెలిసింది. పక్కనే ట్రే సర్దుతున్న రోజా ఆమె చొక్కా పట్టుకుని లాగింది.

"నువ్వా?" కిషోర్ బాబు నవ్వాడు. "మీ ఆయన్ని దించింది చాల్లేదా?"

ఆ మాటకి అక్కడున్న ఆడవాళ్ళంతా నేల చూపులు చూశారు. సువార్త మొహం పాలిపోయింది. కానీ వెనక్కి జరగలేదు.

"చిన్నప్పుడు మా నాన్న కాపలా ఉన్న తోటలో కోసేదాన్నండి. చిక్కం పట్టడం వచ్చు. బాగా కోస్తే రేపట్నుంచి నాకు కోత పని ఇవ్వండి. కోత కూలి ఇవ్వండి. ఇంట్లో సంపాదించేది నేనొక్కదాన్నే."

"ఆడవాళ్ళని చెట్టెక్కించడం మా నాన్నగారి కాలం నుంచీ లేదమ్మా," అన్నారు పాండురంగారావు గారు ఇబ్బందిగా. "వచ్చే ఏడు కాపు..."

"గాలొస్తే ఈ ఏడు కాపే ఉండదు కదండీ."

ఆయన మళ్ళీ ఆకాశం వంక చూశారు. జేబులో ఫోను మోగుతుంటే తీసి, పేరు చూసి కట్టేశారు. "సరే. ఒక్క కాయ నేల తగలకూడదు. తగిలిందా, నువ్వింక ఈ మాట ఎత్తకూడదు. సరేనా?"

సువార్త చీర కుచ్చెళ్ళు వెనక్కి దోపుకుంది, తాడు నడుముకి కట్టుకుంది.

మొదటి పంగ దాకా కాళ్ళే తీసుకుపోయాయి. రెండో పంగ దగ్గర ఎర్ర చీమలు మెడ మీదికి పాకాయి. మూడో పంగ దగ్గర ఆమె ఆగిపోయింది. క్రీస్తుదాసు నిలబడ్డ చోటు అదే. కిందికి చూడకూడదనుకుంటూనే చూసింది. ఎండుటాకుల మీద అతను పడి ఉన్న ఆకారం కళ్ళముందు కదిలింది. కాళ్ళు మాట వినలేదు. కొమ్మని రెండు చేతులా కరుచుకుని కళ్ళు మూసుకుంది. పైకీ పోలేదు, కిందికీ దిగలేదు. కింద కిషోర్ బాబు ఎవరితోనో ఏదో అన్నాడు, ఎవరో నవ్వారు.

"ప్రభువా, ఆ రోజు పిలిచినందుకు నన్ను..." అలవాటు ప్రకారం పెదవులు కదిలాయి. సగంలో ఆగాయి. అడిగేశాను కదా, అనుకుంది సువార్త. ఆయన ఇచ్చేశాడు కదా. ఇచ్చినదాన్ని తీసుకోకుండా రెండేళ్ళుగా ఆయన గుమ్మంలో నిలబడి ఉన్నాను. మళ్ళీ అడగను. ఏ అద్భుతమూ జరగలేదు. మబ్బు విడలేదు, చీమలు కుట్టడం మానలేదు, భయం కూడా పూర్తిగా పోలేదు. కానీ రెండేళ్ళ తర్వాత మొట్టమొదటిసారి ఆమె ప్రార్థనలో వేరే మాట వచ్చింది. "నాతో ఉండు, కోస్తాను."

చిక్కం పైకి లాక్కుని కోయడం మొదలుపెట్టింది. వలలో పడిన కాయని చేత్తో తీసి గోతాంలోకి జారవిడవడం, గోతాం నిండితే తాడుతో దించడం. చిన్నప్పటి పని చేతులకి గుర్తుంది. ఒకటి, రెండు, మూడు గోతాలు దిగాయి. కింద నవ్వులు ఆగిపోయాయి. ఐదో గోతాం దిగేసరికి గాలి మొదలైంది. కొమ్మలు ఊగుతున్నాయి. దిగిపొమ్మని రోజా అరుస్తోంది. చివరి కొమ్మలో ఇంకో నాలుగు గుత్తులున్నాయి. సువార్త పొట్ట కొమ్మకి ఆనించి చెయ్యి చాపింది. మూడు గుత్తులు వలలోకి వచ్చాయి. నాలుగోది కూడా వచ్చింది గానీ, వల వెనక్కి లాగుతుంటే ఒక కాయ అంచు మీంచి జారింది.

గట్టు వైపు ఎండుటాకుల్లో టప్పుమని పడింది. ఆ వైపు రోజా ఒక్కతే ఉంది. ఆమె అటూ ఇటూ చూసి, కాయని కొంగుతో తుడిచి, తన ముందున్న ట్రేలో పెట్టేసింది. పైకి చూసి, నేను చూసుకుంటాలే అన్నట్టు తలూపింది.

పాఠకులారా, రోజాని తప్పు పట్టకండి. తోటల్లో అందరూ చేసే పనే అది. పడ్డ కాయ పైకి నిక్షేపంలా ఉంటుంది. మూడో రోజుకి లోపల నల్లబడి నీరవుతుంది, పక్కనున్నవాటిని కూడా పాడుచేస్తుంది. అప్పటికి ఆ ట్రే ఏ ఊళ్ళో ఉందో, ఎవరు కోసిన కాయో ఎవరికి తెలుసు? పడ్డదని చెబితే తిట్లు, దాస్తే ఏమీ లేదు. కాబట్టి అందరూ దాస్తారు. మనం మన ఆఫీసుల్లో, మన ఇళ్ళల్లో ఏం చేస్తున్నామో ఒకసారి చూసుకుంటే రోజా మీద కోపం రాదు.

సువార్త చెట్టు దిగింది. మెడంతా దద్దుర్లు, మోచేతులు గీరుకుపోయి ఉన్నాయి. పాండురంగారావు గారు ఎదురొచ్చారు.

"ఏమ్మా, ఏమన్నా పడ్డాయా?"

"ఒక్కటీ పడలేదండి," అంది రోజా చటుక్కున. "నేనిక్కడే ఉన్నాను."

కిషోర్ బాబు చెట్టు చుట్టూ తిరిగి వచ్చాడు. అతనికీ ఏమీ కనపడలేదు. ఇంక సువార్త నోరు తెరవకుండా ఉంటే చాలు. నోరు తెరవకుండా ఉండటం ఆమెకి బాగా అలవాటైన పనే. కోత కూలి, ఇంటికి ధైర్యం, అన్నీ ఆ మౌనం అవతలే ఉన్నాయి. నోరు తెరిస్తే అన్నీ పోతాయి. వాన చినుకు ఒకటి ట్రే మీద పడింది.

సువార్త వంగి, రోజా ముందున్న ట్రేలోంచి ఆ కాయ తీసింది. తొడిమ ఊడి, అక్కడ సొన తడి మెరుస్తోంది. తీసుకెళ్ళి పాండురంగారావు గారి చేతిలో పెట్టింది.

"ఇది పడిందండి. నా చేతిలోంచే పడింది."

రోజా తల కొట్టుకుంది. "నీకేమన్నా పిచ్చా వదినా?"

"ట్రే అంతా పోతుంది రోజా," అంది సువార్త. తర్వాత ఆయన వైపు తిరిగింది. ఇప్పుడు గొంతు వణకలేదు. "దాచుకుని పని తీసుకుంటే రేపట్నుంచి రోజూ భయపడుతూ చెట్టెక్కాలండి. రెండేళ్ళు భయపడ్డాను. ఇంక నా వల్ల కాదు. మీరు పని ఇవ్వకపోయినా సరే."

పాండురంగారావు గారు కాయని తిప్పి చూశారు. "కిషోర్ బాబూ, పొద్దుట్నుంచి మనవాళ్ళు కోసినవాటిలో ఎన్ని పడ్డాయి?"

"ఒక్కటీ లేదండి."

"ఇరవై ఏళ్ళుగా ఇదే చెబుతున్నారు మీరంతా. ఏటా కొన్నవాళ్ళు ట్రేలు కుళ్ళాయని నన్ను తిడుతూనే ఉన్నారు. ఇందాక మోగిన ఫోను కూడా అదే." గాలికి భుజం మీది తువ్వాలు ఎగిరిపోతుంటే ఆయన పట్టుకున్నారు. "అమ్మా సువార్తా, కాయ నేల తగిలితే నువ్వీ మాట ఎత్తకూడదన్నాను. నువ్వెత్తొద్దు. నేనే ఎత్తుతున్నాను. రేపట్నుంచి నీది కోత పని, కోత కూలి. వచ్చే ఏడు కాపు సంగతి వచ్చే ఏడు చూసుకుందాం."

ఆ రాత్రి వాన వెలిశాక వాకిట్లో కూర్చున్న క్రీస్తుదాసు భార్య మెడ మీద దద్దుర్లు చూశాడు. సంగతి అప్పటికే పేటంతా తెలిసింది. ఊతకర్ర పక్కకి తీసి పెట్టాడు.

"మూడో పంగ కింద చీమల గూడుంటుంది," అన్నాడు. "ఎడం వైపు నుంచి ఎక్కాలి. రేపు చెబుతాలే." సువార్త అతని పక్కనే గుమ్మంలో కూర్చుని కళ్ళనీళ్ళు పెట్టుకుంది.

ఆ శుక్రవారం చర్చికి ఆమెతో పాటు క్రీస్తుదాసు కూడా వచ్చాడు. ఆడవాళ్ళ ప్రార్థన కాబట్టి గుమ్మం దగ్గర, చెప్పుల పక్కన, కుర్చీ వేయించుకుని కూర్చున్నాడు. దీనమ్మ ఎవరైనా లేస్తారా అని అడగక ముందే సువార్త లేచి నిలబడింది. ఆమె గొంతు పక్క బజారు దాకా వినపడింది.

"ఇన్నాళ్ళూ నేను నేల తగిలిన కాయననే అనుకున్నానండి, ఎవరి కంటా పడకుండా దాక్కున్నాను. మంగళవారం చెట్టు మీద నాకు తెలిసింది. పడ్డదాన్నని ఆయన నన్ను ఏరి పారెయ్యలేదు. అది నమ్మాకే నా కాళ్ళు నిలబడ్డాయి."