లక్క ముద్ర వేసిన మాట

ఎనభై ఏడులో హార్బరు పక్కనున్న ఆ ఓడల ఏజెన్సీకి కంప్యూటరొచ్చింది. వచ్చిందంటే వచ్చిందన్నమాటే గానీ, అసలుది మద్రాసు హెడ్డాఫీసులో ఉంది. ఇక్కడ పెట్టింది టీవీ లాంటి తెర, దానికో కీబోర్డు. ఫోను తిప్పితే కూతపెట్టి మద్రాసుతో కలుస్తుంది. కలిశాక పేరడుగుతుంది, ఆ పేరుగల మనిషికే తెలిసిన రహస్యపు మాటడుగుతుంది. రెండూ సరిపోతేనే లోపలికి రానిస్తుంది. ఆపైన ఏం కొట్టినా ఆ పేరు మీదే రాసుకుంటుంది.

మద్రాసు ఇంజనీరొకాయన వచ్చి నలుగురికి నాలుగు పేర్లు, నాలుగు రహస్యపు మాటలు పెట్టి, "ఈ మాట కట్టుకున్నవాళ్ళకి కూడా చెప్పకండి" అని మరీ మరీ చెప్పి వెళ్ళాడు. ఆయన రైలు దువ్వాడ దాటిందో లేదో, మేనేజరు సన్యాసిరాజు గారు ఆర్డరేశారు. ఎవరి మాట వాళ్ళు కాగితమ్మీద రాసి, కవర్లో పెట్టి, లక్క ముద్ర వేసి తన బీరువాలో పెట్టాలట!

"సాయంత్రం తాళంచెవులు బోర్డుకి తగిలించి వెళ్తారా, ఇళ్ళకి పట్టుకుపోతారా? ఇదీ అంతే" అన్నారు.

ఆ ఆఫీసులో తాళంచెవి ఇంటికి పట్టుకెళ్ళిన పాపాన పోయినవాడు లేడు. అందరికీ సబబుగానే తోచింది. రాజుగారి కవరూ అందులోనే చేరింది. డిస్పాచ్ నుంచి కంప్యూటరు మీదికి మారిన దీవెనమ్మా తన కవరు పెట్టింది. ఆ బుద్ధితక్కువ పనికి తర్వాత తనని తాను ఎన్ని తిట్టుకుందో!

మూడు నెలలు తిరక్కుండా కొంప మునిగింది. ఒక శుక్రవారం సాయంత్రం ఐదున్నరకి, బొగ్గు ఓడ ఖాళీ అయిపోయిందని ఆ నలుగురిలో ఒకడైన వరహాలు పేరుతో మద్రాసుకి కబురెళ్ళింది. ఓడలో ఇంకా సగం బొగ్గుంది. కబురు నమ్మి వాళ్ళు ఇంకో ఓడని రప్పిస్తే, రేవులో ఓడ కట్టే బెర్తు దొరక్క అది రెండ్రోజులు బయట సముద్రంలో నిలబడిపోయింది. వరహాలుని సస్పెండు చేశారు.

వరహాలు జాలరిపేట మనిషి. వాళ్ళింట్లో వల పట్టకుండా కుర్చీలో కూర్చున్నది అతనొక్కడే. ఆ శుక్రవారం నాలుగింటికే ఎలమంచిలి బస్సెక్కాడు. దీవెనమ్మ కళ్ళారా చూసింది. "నాను కొట్టలేదక్కా, గంగాలమ్మ తోడు" అని ఆవిడ ముందు భోరుమన్నాడు. పని వేళకి ముగించినట్టు చూపించుకోడానికి రాజుగారే ఆ కవరు విప్పారని అందరికీ అనుమానం. పిల్లి మెడలో గంట కట్టేదెవరు?

ఎంక్వయిరీకి మద్రాసు నుంచి అర్జునరావు గారొచ్చారు. వరహాలుని పిలిపించారు. బీరువా తీయించి అతని కవరు చూశారు. లక్క చెక్కుచెదరలేదు. నాలుగింటికి వెళ్ళిపోయాడని దీవెనమ్మ చెప్పింది గానీ, ఆయన తల అడ్డంగా ఊపారు.

"ముద్ర అలాగే ఉంది. మెషీను వరహాలే అంటోంది. మెషీను అబద్ధం ఆడదమ్మా" అంటూ వరహాలు మీద రాసిన కాగితం ముందుకు లాక్కుని పెన్ను మూత తీశారు. వరహాలు గోడవార నీరుగారిపోయాడు.

దీవెనమ్మకి ఒళ్ళు మండిపోయింది.

"సార్, ఒక్క పది నిమిషాలు సంతకం పెట్టకండి" అని బీరువాలోంచి ఒక కవరు లాగింది. చూసే లాగింది, రాజుగారిది. తిన్నగా ప్యూను దాలయ్య టీ కెటిలు దగ్గరికి నడిచింది.

"ఏటి సేత్తన్నావు దీవెనమ్మా!" గాబరాలో రాజుగారికి సొంత యాస తన్నుకొచ్చింది.

"పదిహేనేళ్ళు కవర్లంటించిన చెయ్యండీ ఇది. కవర్లకి కరువొస్తే, పాతవి ఆవిరి పట్టి విప్పి తిరగేసి అంటించమన్నది మీరే కదా. లక్క పైమడతకే. అడుగు మడత సంగతేటి?"

దాలయ్య, మహానుభావుడు, అడక్కుండానే స్టవ్వు పెంచాడు. అడుగు మడత తడిసిన అప్పడంలా ఊడి వచ్చింది. దీవెనమ్మ కాగితం చదివింది, ఫోను తిప్పింది, సన్యాసిరాజు పేరు కొట్టింది, ఆయన మాట కొట్టింది. తెర మారు మాట్లాడకుండా రానిచ్చింది. ఆ పొద్దుటే బెర్తులో కట్టిన ఓడొకటుంది, పిడికెడు బొగ్గయినా దిగలేదు. అది ఖాళీ అయిపోయిందని కొట్టి పంపేసింది.

అర్జునరావు గారు లేచొచ్చి తెర చదివారు. పంపినవారు: సన్యాసిరాజు.

"మరి రాజుగారిని కూడా సస్పెండు చేస్తారా సార్?" అంది దీవెనమ్మ.

"ఇది... ఇది దొంగతనం!" రాజుగారు అరిచారు.

"అదేనండి నానూ అంటన్నాను."

అర్జునరావు గారు ముందు మద్రాసుకి ఫోను చేసి ఆ కబురు ఆపించారు. తర్వాత వరహాలు కవరు తిరగేసి, అడుగు మడతని గోటితో గీరారు. ఎండిన పాత గమ్ము మీద కొత్త గమ్ము పొర లేచింది. బీరువా తాళంచెవి దగ్గర పెట్టుకునే రాజుగారి వైపు ఒక్క చూపు చూశారు. వరహాలు మీద రాసిన కాగితాన్ని అర్జునరావు గారు నిలువునా చింపేశారు. కొత్త కాగితం తీసి దీవెనమ్మ వైపు తిరిగారు.

"అంతా బానే ఉంది గానీ, నువ్వూ ఇంకొకరి పేరుతో కొట్టావు. రాయక తప్పదు. నీ ఉద్యోగానికే ముప్పు రావచ్చు, తెలుసా?"

దీవెనమ్మ ఇంట్లో సంపాదించేది తనొక్కతే. అయినా తల దించలేదు.

"రాయండి సార్. కొట్టింది దీవెనమ్మ అనే రాయండి. ఇంకొకరి పేరెందుకు, నా పేరే పెద్దక్షరాలతో రాయండి" అని, ఆయన రాసేదాకా నిలబడి, పెన్నందుకుని కింద సంతకం పెట్టింది.