రేకు కింద దాచిన ప్యాకెట్లు

బస్టాండు వెనక గోడ దగ్గర, ఇంకా వెలుగుండగానే, చిట్టి చేతిలోని సంచిని కానిస్టేబుల్ లాక్కుని నేల మీద బోర్లించాడు. దువ్వెన పడింది, పౌడరు డబ్బా పడింది, కండోమ్ ప్యాకెట్లు పడ్డాయి. అతను ప్యాకెట్లు మాత్రం ఏరుకున్నాడు.

“ఇదిగో సాక్ష్యం. ఇక నడవ్వే.”

అవి ఆ పొద్దున్నే సర్కారు ఆసుపత్రి నర్సమ్మ చిట్టి చేతిలో పెట్టి, “ప్రాణం మీదికి తెచ్చుకోకండమ్మా” అని పంపినవి. ఇచ్చిందీ సర్కారే, పట్టుకున్నదీ సర్కారే. స్తంభం చాటు నుంచి, అదే వీధిలో నిలబడే పొడుగక్క అంతా చూసింది.

అప్పటి నుంచి ఆ వీధి ఆడవాళ్లెవరూ ప్యాకెట్లు దగ్గర ఉంచుకోలేదు. గోడ మీది రేకు కింద సందులో దాచి, బేరం కుదిరాక తీసుకునేవాళ్లు. “అక్కా, ఉందా?” అని చిట్టి గొంతు తగ్గించి అడిగేది. పొడుగక్క చెయ్యి పెట్టి తీసిచ్చేది. రేకు పగలంతా పెనంలా కాలుతుందన్న సంగతి, పాపం, ఎవరికి తట్టింది? వేడికి లోపలి రబ్బరు పాడై, వాడబోతే చిరిగిపోయేది. చిరిగిందంటే, “అయితే ఏంటంట?” అనేవాడు వచ్చినవాడు.

చిట్టికి జబ్బు అంటుకుంది. మందులకని వెళ్తే ఆసుపత్రి గేటు దగ్గర పోలీసు జీపు. భయపడి వెనక్కొచ్చేది. అలా వెనక్కొచ్చి వెనక్కొచ్చి, చివరికి పోయింది.

పోయినా పొడుగక్కను వదల్లేదు. సాయంత్రమయ్యేసరికి ఆ గోడ పక్కన అదే గొంతు, అదే ప్రశ్న.

ఒకనాడు అలాగే వినబడితే పొడుగక్క గిరుక్కున తిరిగింది. ఎదురుగా, ఈమధ్యే ఆ వీధికి వచ్చిన కొత్తపిల్ల. చిట్టి నిలబడే చోటే నిలబడి చెయ్యి చాపింది. రేకు ఇంకా చురుక్కుమంటోంది. ప్యాకెట్ తీసింది గానీ, ఇవ్వడానికి పొడుగక్కకి చెయ్యి రాలేదు.

“ఇవాళ్టికి ఇంటికి పోవే” అంది.

మర్నాడు, ఆ ఆడవాళ్లందరికీ పెద్దదిక్కైన పెద్దమ్మ గదిలో అందరూ మోకాళ్లు ముడుచుకుని కూర్చున్నారు.

“ఇంకో చోట దాద్దాం” అంది ఒకామె.

“దాచబట్టే చిట్టి పోయింది. రేపు ఈ పిల్ల పోతుంది” అంది పొడుగక్క. “ప్యాకెట్లు కొంగుకి పిన్నుతో పెట్టుకుని, పట్టపగలు అందరం స్టేషనుకే పోదాం. ఎంతమందిని పడతారో పట్టమందాం.”

“నీకేం తల్లీ, ఒంటికట్టెవి” అంది పగలు మిషను కుట్టే టైలరమ్మ. “నా కూతురు బళ్లో చదువుకుంటోంది. నా మొహం నలుగురూ చూస్తే దాని గతేంటి?”

ఆ మాటలో అబద్ధమేముంది గనక. పెద్దమ్మే మెల్లగా అంది: “నువ్వే పోతే దాని గతేంటో, అదీ ఆలోచించుకో.” టైలరమ్మ ముక్కు చీదుకుని లేచి వెళ్లిపోయింది. ఆమె పిన్నుల డబ్బా మాత్రం గదిలోనే ఉండిపోయింది.

మధ్యాహ్నం స్టేషను ముందు నిలబడ్డారు. ఎస్సై బయటికొచ్చి ఆ కొంగుల వంక చూశాడు.

“ఏంటే ఈ వేషం?”

“సాక్ష్యం సార్” అంది పొడుగక్క. “వెతికే శ్రమ మీకెందుకని మేమే తెచ్చాం. కేసు రాసుకోండి. వీటినిచ్చిన ఆసుపత్రి మీద కూడా రాయండి. చిట్టి ఎందుకు చచ్చిందో అదీ రాయండి.”

గేటు బయట జనం మూగారు. కానిస్టేబుల్ కొత్తపిల్ల కొంగు మీద చెయ్యి వేశాడు. ఆ కొంగును పక్కామె పట్టుకుంది, ఆమె కొంగును ఇంకొకామె. ఒక్క ప్యాకెట్ కూడా ఊడి రాలేదు. లాఠీలు లేచాయి. పెద్దమ్మ నుదురు చిట్లింది. అయినా చేతులు విడవలేదు. అలాగే ఒకరినొకరు పట్టుకుని లాకప్పులోకి నడిచారు.

పొద్దు వాలింది. లాకప్పులో ఊపిరాడని ఉక్క. అప్పుడు వినబడింది, చెవి పక్కనే.

“అక్కా, ఉందా?”

కొత్తపిల్ల పెద్దమ్మ నుదుటికి గుడ్డ అదిమి పట్టుకుని ఉంది. ఆ పిల్ల నోరు విప్పలేదు. పొడుగక్క కొంగు తడుముకుంది.

“ఉందే చిట్టీ” అంది పైకే.

“ఎవరితోనే మాట్లాడుతున్నావ్?” అని కానిస్టేబుల్ అరిచాడు. పొడుగక్క కిటికీలోంచి గేటు వైపు చూసింది. అక్కడ టైలరమ్మ మొహం దాచుకోకుండా నిలబడి ఉంది. ఆమె కొంగుకూ ప్యాకెట్ ఉంది. వెనకాల బస్టాండు ఊడ్చే ఆడవాళ్లు నిలబడి ఉన్నారు. గదిలో వదిలేసిన ఆ డబ్బా చేత పట్టుకుని, టైలరమ్మ ఒక్కొక్కరికీ పిన్ను అందిస్తోంది.