ఆగని విండో
ఆమె రాసిన మొదటి కంప్యూటర్ ప్రోగ్రాం అది. ఏళ్ల తరబడి ప్రోగ్రాంలు రాసే ఉద్యోగమే చేస్తున్న మొగుణ్ణి పిలిచి సంబరంగా నడిపి చూపించింది. నల్లటి విండో ఒకటి తళుక్కుమని తెరుచుకుని, చదివేలోపే మూసుకుపోయింది. మళ్లీ నడిపినా అంతే.

"ఏమీ రాలేదుగా. నీకెందుకే ఇవన్నీ?" అని నవ్వేసి అతను టీవీ ముందుకు వెళ్లిపోయాడు.

తన రాతలో తప్పు వెతికీ వెతికీ విసిగిపోయి, ఇక మానేస్తానని చెప్పడానికే ఆమె కంప్యూటర్ క్లాసుకు వెళ్లింది.

టీచరమ్మ చూసి, "తప్పేం లేదమ్మా. పనైపోగానే విండో మూసుకుంటోంది, అంతే. ఏదైనా కీ నొక్కేదాకా ఆగమని చివర్లో ఒక్క లైను రాయి," అంది.

రాసి నడిపింది. ఈసారి జవాబు తెరమీద నిలిచింది.

"మీ ఆయనదీ ఇదే పనిగా, చెప్పలేదా?" అనడిగింది టీచరమ్మ.



"ఆయన ఊళ్లో లేరండీ," అంది, తల తిప్పకుండానే.