కాంటనీస్ కింద కలిపేసిన మాట

గిరిజకు చిందరవందరగా ఉంటే గిట్టదు. అమెరికాలో, ఇర్వింగ్ అనే ఊళ్ళో ఆమె అపార్ట్‌మెంట్‌కి వెళ్ళి చూడండి, పోపుల డబ్బాకి కూడా లేబుళ్ళు ఉంటాయి. అందుకే ఆఫీసులో భాషల మెనూ సర్దే పని వచ్చినప్పుడు ఎగిరి గంతేసి తీసుకుంది. ఆమె కంపెనీ ఆసుపత్రులకు వీడియోలో ఇంటర్‌ప్రెటర్లను కలుపుతుంది. నర్సు ఐప్యాడ్‌లో భాష పేరు కొడితే ఆ భాష మనిషి తెరమీదికి రావాలి. ఆ మెనూలో చైనా భాషలన్నీ ఒకదాని మీద ఒకటి ఎక్కి కూర్చున్నాయి.

టియోచ్యూ అనే పేరు ఆమె అదివరకు వినలేదు. వెతికితే చైనాలోని గ్వాంగ్‌డాంగ్ రాష్ట్రంలో మాట్లాడతారని తెలిసింది. గ్వాంగ్‌డాంగ్ అంటే కాంటనీసే కదా అనుకుంది. టియోచ్యూ అని కొడితే కాంటనీస్ ఇంటర్‌ప్రెటర్ వచ్చేలా రెంటినీ కలిపేసి భోజనానికి వెళ్ళిపోయింది. ఎవరు ఏ రాష్ట్రంలో ఉంటారో చూసి ఏ భాష మాట్లాడతారో తేల్చేసింది మహాతల్లి.

చేసింది మరెవరైనా అయితే సరిపెట్టుకోవచ్చు. గిరిజది హొసూరు. తమిళనాడులో తరతరాలుగా తెలుగు మాట్లాడుకునే ఇల్లు వాళ్ళది. అమెరికా వచ్చిన కొత్తలో తలా ఒక వంటకం తెచ్చుకునే ఒక పాట్‌లక్‌లో ఎవరో ఆవిడ, "హొసూరా? అయితే మీరు తమిళ్స్ కదండీ. తెలుగు భలే నేర్చుకున్నారే" అన్నందుకు ఎన్నాళ్ళో కుతకుతలాడిపోయింది. ఆ మంట చల్లారకముందే ఇంకొకరి భాషకు అదే పని చేసింది, అదీ జీతం తీసుకుని.

పక్క క్యూబికల్‌లో సోఫీ ఉంగ్ అని టెస్టింగ్ చేసే అమ్మాయి ఉంది. తల్లిదండ్రులు విడిపోతే తాత పెంచాడు. ఆయన్ని ఆగోంగ్ అంటుంది, తాత అని అర్థం. కంబోడియాలో స్థిరపడ్డ చైనావాళ్ళ ఇంట పుట్టి, అక్కడి మారణకాండ తప్పించుకుని వచ్చి, దగ్గర్లోని గార్లండ్‌లో డోనట్ల కొట్టు నడిపి ఈ పిల్లను చదివించాడు. మనవరాలితో ఇంగ్లీషు, కొట్లో కంబోడియా భాష ఖ్మేర్, భార్యతో మాత్రం టియోచ్యూ. భార్య పోయాక ఆ మాటకు ఇంట్లో పనిలేకపోయింది.

మెనూ మారిన కొన్ని నెలలకు, ఒక సోమవారం సోఫీ ఉబ్బిన కళ్ళతో ఆఫీసుకి వచ్చింది.

"ఆగోంగ్‌కి స్ట్రోక్ వచ్చింది. ఏదో ఒకటి మాట్లాడుతూనే ఉన్నాడు. ఇంగ్లీషు రావట్లేదు, ఖ్మేర్ రావట్లేదు. టియోచ్యూ అయ్యుంటుందని నేనే చెప్పాను. నర్సు ఐప్యాడ్‌లో కొడితే తెరమీద కాంటనీస్ అని వచ్చి ఒకతను కనిపించాడు. ఒక్క ముక్క అర్థం కావట్లేదు, మాట ముద్దముద్దగా ఉంది అన్నాడు. భాష పూర్తిగా దెబ్బతింది అని డాక్టర్ రాసేశారు."

"నీకు అర్థం కాలేదా?"

"నాకు తిను, పడుకో, టీ. అంతే వచ్చు." సోఫీ ముక్కు తుడుచుకుంది. "మింగగలడో లేదో టెస్ట్ చేశారు. చెప్పినట్టు చేయట్లేదని ముక్కులోంచి ట్యూబ్ వేశారు. ఆయన రోజంతా టీ తాగే మనిషి. ఇప్పుడు నోట్లో చుక్క పోయనివ్వడం లేదు. చేత్తో మంచం మీద గుండ్రంగా తిప్పుతుంటాడు, అదేదో వణుకు అంటారు వాళ్ళు. అది టీ పోయడం. మూడు కప్పులు దగ్గరగా పెట్టి పైనుంచి చుట్టూ తిప్పుతూ పోస్తాం మేము."

ఆ కాంటనీస్ అతన్ని తెరమీదికి రప్పించింది గిరిజ మార్చిన మెనూయే. ఆమె నేరుగా టీమ్ లీడ్ దివాకర్ దగ్గరికి వెళ్ళింది.

"టియోచ్యూని విడదీసి వెంటనే హాట్‌ఫిక్స్ ఇద్దాం సార్. చిన్న చేంజే."

"రిలీజ్ ఫ్రీజ్‌లో ఉన్నాం కదమ్మా, ఇప్పుడేమీ మార్చకూడదు. హాస్పిటల్ అప్రూవ్ చెయ్యాలి, లీగల్ చూడాలి. అయినా మార్చి ఏం లాభం? టియోచ్యూ ఇంటర్‌ప్రెటర్స్‌కి కాల్స్ రావట్లేదని కాంట్రాక్ట్స్ ఆపేశారు."

"కాల్స్ రాకుండా చేసింది నేనే కదా సార్."

దివాకర్ లేచి తలుపు వేశాడు. చెడ్డవాడేం కాదు, భయస్థుడు. "ఆ మాట ఇంకెక్కడా అనకు. నీ హెచ్‌వన్ వీసా ఎక్స్‌టెన్షన్ పెండింగ్‌లో ఉంది. ఊరుకో."

ఊరుకోలేదు గిరిజ. అలాగని నిజమూ చెప్పలేదు. కాంట్రాక్ట్ పోయిన ఇంటర్‌ప్రెటర్లలో హ్యూస్టన్‌లో ఉండే లిమ్ అనే పెద్దాయన నంబరు పట్టుకుని ఫోన్ చేసింది. సోఫీ తాత సంగతి విని ఆయన వివరంగా చెప్పారు.

"మా పూర్వీకులు గ్వాంగ్‌డాంగ్ పక్కనున్న ఫూజియన్ రాష్ట్రం వాళ్ళు. కొన్ని వందల ఏళ్ళపాటు సముద్రతీరం వెంట దక్షిణానికి వలస వచ్చారు. మిగతా చైనాలో మారిపోయిన పాత మాటలు ఎన్నో మా నోళ్ళలో ఉండిపోయాయి. మా భాషది మిన్ కుటుంబం, అందులో దక్షిణపు శాఖ. మా భాషకు చుట్టాలు ఫూజియన్‌లో, తైవాన్‌లో ఉన్నారు. మా జిల్లా గ్వాంగ్‌డాంగ్‌లో ఉందంటే అది పాలించేవాళ్ళు గీసిన గీత. కాంటనీస్ వేరే కుటుంబం. ఆ ఇంటర్‌ప్రెటర్‌కి అర్థం కాకపోవడంలో ఆశ్చర్యం లేదు. అసలు అతన్ని పిలిచిందెవరు?"

గిరిజ సిస్టమ్‌లో ఏదో పొరపాటు అంది.

భార్యను డయాలసిస్‌కి తీసుకెళ్ళాలి, రేపు పొద్దున వీడియోలో మాట్లాడతాను అన్నారాయన. ఆ రాత్రి గిరిజ చాలాకాలం తర్వాత దేవుడికి దండం పెట్టుకుంది. సోఫీ తాతకు అర్థమయ్యేలా ఒక్కసారి మింగమని చెబితే చాలు, ట్యూబ్ తీసేస్తారు, టీ తాగుతాడు, చేసిన తప్పు తుడుచుకుపోతుంది. అప్పటికి ఆమెకు అంత ఆశ ఉంది.

తెల్లవారేసరికి ఆగోంగ్‌కి రెండో స్ట్రోక్ వచ్చింది.

గిరిజ ఆసుపత్రికి వెళ్ళేటప్పటికి ముసలాయన కళ్ళు మూసుకుని ఉన్నాడు. గుండ్రంగా తిరిగిన చెయ్యి దుప్పటి మీద ఊరికే పడి ఉంది. సోఫీ వీడియో కాల్ కలిపి ఫోన్‌ని ఆయన చెవి దగ్గర పెట్టింది. లిమ్ గారు పిలిచారు, ఆగి మళ్ళీ పిలిచారు. మొదట పలకరింపులా ఉన్న గొంతు పోనుపోను బతిమాలుతున్నట్టయింది. ముసలాయన కనురెప్ప కూడా కదల్లేదు.

"నిన్న నేను తీసిన వీడియో ఉంది, ఏమంటున్నాడో చెప్తారా?" అని సోఫీ దాన్ని ప్లే చేసింది. లిమ్ గారు కళ్ళద్దాలు తీసి విన్నారు.

"మాట ముద్దగా ఏమీ లేదమ్మా. చక్కగా, స్పష్టంగా ఉంది. గదిలోకి వచ్చిన ప్రతివాళ్ళకీ మర్యాద చేస్తున్నాడు. రండి, కూర్చోండి, టీ తాగండి అంటున్నాడు. ఆ తర్వాత అడుగుతున్నాడు, మనవాళ్ళెవరైనా ఉన్నారా ఇక్కడ అని. మళ్ళీ మళ్ళీ అదే అడుగుతున్నాడు."

సోఫీ మంచం పట్టీ మీద తల పెట్టి ఏడ్చింది. గిరిజ గోడకు ఆనుకుని నిలబడింది. ఏడవడానికి తనకు హక్కు లేదనిపించింది.

ఆ వారంలోనే ముసలాయన పోయాడు. అంత్యక్రియలయ్యాక సోఫీ గిరిజను ఇంటికి పిలిచింది. బల్ల మీద ఆగోంగ్ మట్టి టీపాట్, చుట్టూ చిన్న చిన్న కప్పులు మూడు. సోఫీ చెయ్యి తిరగలేదు, టీ సగం పళ్ళెంలో పడింది. ఒక కప్పు తాత ఫొటో ముందు పెట్టింది, ఒకటి తను తీసుకుంది.

"మా వాళ్ళలో ఒక మాట ఉంది. కాకీనాంగ్. మన మనిషి అని," అంది సోఫీ, మూడో కప్పు గిరిజ ముందుకు జరుపుతూ. "ఆయన ఆఖర్న ఏమన్నాడో నీ వల్లే తెలిసింది నాకు. నువ్వు కాకీనాంగ్ గిరిజా."

చెప్పాలి, ఇప్పుడే చెప్పాలి అనుకుంది గిరిజ. కప్పు అందుకుంది. ఎక్స్‌టెన్షన్ గుర్తొచ్చింది, దివాకర్ వేసిన తలుపు గుర్తొచ్చింది. సోఫీ ఆమె తాగడం కోసం ఎదురుచూస్తోంది. గిరిజ తాగేసింది.