తప్పిన తాళంచెవులు

ఇత్తడి మీద ఆకురాయి.

కర్... కర్... మధ్యలో ఒక ఊపిరి. మళ్ళీ కర్...

ఇంటి వెనక షెడ్డులోంచి వస్తుంది ఆ చప్పుడు. వింటే నాకు ఒళ్ళు జివ్వుమంటుంది. పదహారేళ్ళుగా జివ్వుమంటూనే ఉంది.

మా ఆయన తాళంచెవులు చేస్తాడు. బజారులో చిన్న కొట్టు, ఇంటి వెనక ఈ షెడ్డు. మాకంటే ముందున్నవాళ్ళు అందులో కారు పెట్టుకునేవాళ్ళట. కారు వాళ్ళతోనే పోయింది. నేల మీద నూనె మరక మాత్రం మాకు మిగిలింది. ఎంత తోమినా పోదు.

షెడ్డు గోడలకి చెక్క పలకలు. పలకల నిండా మేకులు. మేకు మేకుకీ ఒక తాళంచెవి.

అన్నీ తప్పినవే.

కొత్త చెవి చేసేటప్పుడు ఒక్కోసారి చెయ్యి జారుతుంది. గాడి ఒకటి లోతు ఎక్కువవుతుంది. ఇక ఆ చెవి తిరగదు. పారెయ్యొచ్చుగా అని పెళ్ళైన కొత్తలో అడిగాను. పారెయ్యకూడదన్నాడు. పని నేర్పిన పెద్దాయన మాట అట అది. తప్పిన చెవిలో కూడా ముప్పాతిక తాళం ఉంటుందట. చేతనైనవాడి చేతిలో పడితే ఆ మాత్రం చాలట, ఒక ఇల్లు గుల్ల కావడానికి.

అందుకని దాస్తాడు. ఒక్కోదానికి ఒక చీటీ కడతాడు. చీటీ మీద పేర్లుండవు, గుర్తులుంటాయి. పచ్చ గేటు. మూలిల్లు. కుక్క ఉన్న ఇల్లు. మెట్లు విరిగిన ఇల్లు.

వినడానికి ఎంత బాగుందో.

మరీ అంత బాగుండే మాటలు నేను నమ్మను.

అనుమానం పెనుభూతం అంటారు. నిజమే. కానీ ఆ భూతం నా ఇంట్లో ఊరికే తిని కూర్చోలేదు, పని చేసింది. నేను బట్టలు కుడతాను. ఉతికే ముందు ఆయన జేబులు చూస్తాను. అందరూ చూస్తారు, ఒప్పుకోరు, అంతే. దొరికినవి దాస్తాను. ఒక బస్సు టిక్కెట్టు — ఆ వైపు ఈయనకేం పని? ఒక ఎర్ర బొత్తం — నేను కుట్టిన ఏ బట్టకీ అది లేదు. సగం చింపిన కాగితం, గుండ్రటి చేతిరాత. ఒక తలపిన్ను. ఎండి ముక్కలైన పువ్వు...

ఒక్కోటి ఒక్కో ప్రశ్న. ఒక్కటీ అడగలేదు.

అడిగితే చెప్తాడు. చెప్తే నమ్మాలనిపిస్తుంది. నాకు ఆ భయం.

అన్నిటికీ అంకెలు వేశాను. బిస్కెట్ల డబ్బాలో పెట్టాను. డబ్బాకి గొళ్ళెం వేయించి చిన్న తాళం తగిలించాను. ఆ తాళం ఆయన కొట్టులోది కాదు, పక్క ఊరికి వెళ్ళి కొన్నది. డబ్బా నిండిన రోజు మా అక్క దగ్గరికి వెళ్ళిపోవాలని నాలో నేనే ఒట్టు పెట్టుకున్నాను. ఈ మనిషితో ఉండాలా, వద్దా... నేను తేల్చుకోలేనిది డబ్బా తేలుస్తుంది.

ఇంకో నాలుగైదు పడితే నిండుతుంది.

పోయిన వారం షెడ్డు ఊడ్చాను. చెవులన్నిటి మీదా దుమ్ము. కొన్నిటికి చిలుము. ఒక్కటి మాత్రం మెరుస్తోంది.

దుమ్ము లేదు. చీటీ లేదు. చిన్న చెవి, ఇంటి తలుపుది కాదు. గేటుదో, పెట్టెదో, ఎవరి అలమారదో. వేళ్ళు తగిలి తగిలి అంచులు నునుపెక్కాయి.

తప్పిన చెవిని ఎవరూ అంత అరగదీయరు.

దాన్ని తీసి కొలతల టేపు డబ్బాలో వేసుకున్నాను. కోపమా, సంతోషమా... నిజం చెప్పాలంటే సంతోషమే. ఇన్నాళ్ళకి దొరికాడు.

కుట్టిన బట్టలు ఇవ్వడానికి ఇంటింటికీ తిరుగుతాను కదా. మధ్యాహ్నం వీధంతా కునుకు తీస్తుంది. గేట్లకి చిన్న తాళాలు వేలాడుతుంటాయి. పచ్చ గేటుకి పెట్టి చూశాను, తిరగలేదు. మెట్లు విరిగిన ఇంటికి పెట్టాను, సగం దూరి ఆగింది. కుక్క ఉన్న ఇంట్లో కుక్క నన్ను ఎరుగును, పాపం తోక ఊపింది. మూలింట్లో టీచరమ్మ ఒక్కతే ఉంటుంది. గుండ్రటి చేతిరాత. అక్కడ మూడుసార్లు ప్రయత్నించాను.

మూడుసార్లూ తిరగలేదు. మూడుసార్లూ నాకు కాస్త నిరాశే కలిగింది. ఆ మాట పైకి అనుకోవడానికి సిగ్గేసింది.

వారం తిరిగేసరికి వీధిలో గగ్గోలు. ఎవరో తాళాలు గీకుతున్నారట. కన్నాల చుట్టూ కొత్త గీతలట. టీచరమ్మ మా ఆయన కొట్టుకే వెళ్ళి పెద్ద తాళం కొనుక్కుంది. ఆమె వెనకే ఇంకో ఇద్దరు. అన్నం తింటూ ఆయనే చెప్పాడు ఇదంతా. పాత తాళాలన్నీ చూశాడట. గీసింది ఇనుము కాదట, ఇత్తడేనట.

ముద్ద నాకు గొంతులో అడ్డం పడింది. మంచినీళ్ళు నా వైపు జరిపాడు.

షెడ్డులో మేకు ఖాళీగా ఉంది. చూడకుండా ఉంటాడా? చూశాడు. చూసి కూడా నిమ్మకు నీరెత్తినట్టు కూర్చున్నాడు. అడగడేం? ఇంటి దొంగని ఈశ్వరుడైనా పట్టలేడంటారు — మరి మా ఇంట్లో ఎవరు దొంగ?

ఇవాళ మధ్యాహ్నం ఇక తిరగడం మానేశాను. ఏ తాళానిదో తెలియకపోయినా అది సాక్ష్యమే. అంకె వేసి డబ్బాలో పెట్టేద్దామనుకున్నాను. కుట్టుమిషన్ సొరుగులోంచి నా డబ్బా చెవి తీశాను. రెండూ ఒకే అరచేతిలో ఉన్నాయి. పరధ్యానంగా ఒకటి పెట్టి తిప్పాను.

మెత్తగా తిరిగింది. తాళం ఊడి ఒళ్ళో పడింది.

చూస్తే... నా చెవి ఇంకా అరచేతిలోనే ఉంది.



ఎన్నేళ్ళ నుంచి నా డబ్బా తీస్తున్నాడు? అంచులు అంతగా అరిగాయంటే ఎన్నిసార్లు? నేను వెతుకుతానని తెలిసిన జేబులోకి ఆ టిక్కెట్లు ఎలా వచ్చాయి? ఆ బొత్తం, ఆ పువ్వు... అవి నాకు దొరికాయా, దొరకనిచ్చాడా? వీధిలో మనుషులందరి మీదా అనుమానపడ్డాను. డబ్బా మీద పడలేదు.

అన్నీ నేల మీద పరిచాను. అంకెల వరసలో పేర్చాను. ఒకటి, రెండు, మూడు... ఇరవై అయిదు బస్సు టిక్కెట్టు. ఇరవై ఏడు తలపిన్ను.

ఇరవై ఆరు లేదు.

ఇరవై ఆరు ఏమిటి? గుర్తు రాదు. నుదురు కొట్టుకున్నాను, రాలేదు. ఇన్ని అబద్ధాలు ఉంచి, ఒక్క నిజాన్ని పట్టుకుపోయాడా? లేక అంకె వేసేటప్పుడు నేనే తప్పానా? ఆ ఒక్కటీ తెలిస్తే చాలు నాకు... ఉండాలో, వెళ్ళాలో తెలిసిపోతుంది.

గేటు తీసిన చప్పుడు. ఇవాళ తొందరగా వచ్చాడు.

డబ్బా మూసే వ్యవధి లేదు. గుమ్మంలో నిలబడ్డాడు. టిక్కెట్లని, పువ్వుని, నన్ను చూశాడు. కోపం లేదు ముఖంలో. ఏదీ లేదు.

"ఏమన్నా పోయిందా?" అన్నాడు.



"ఏమీ పోలేదు" అన్నాను.

తల ఊపాడు. చొక్కా విప్పాడు. ఎప్పుడూ లోపలి గదిలో తగిలించేవాడు ఇవాళ నా ఎదురుగా, కుర్చీ మీద వేశాడు. షెడ్డులోకి వెళ్ళిపోయాడు.

కర్... కర్... మధ్యలో ఒక ఊపిరి.

చొక్కా జేబు కొంచెం ఎత్తుగా ఉంది.

చూడకూడదనుకున్నాను. చూస్తే ఆయన ఆడించినట్టు ఆడినదాన్నవుతాను. చూడకపోతే... బతికినన్నాళ్ళూ ఆ జేబే కళ్ళ ముందు ఉంటుంది.

కర్... కర్...

చెయ్యి చాచాను. వేళ్ళు జేబు అంచుకి తగిలాయి.

షెడ్డులో ఆకురాయి ఆగింది.