పొర కట్టేదాకా

ఆ అద్దాల పెట్టెలో పడుకున్న పిల్లకు ఇంకా పేరు పెట్టలేదు. నెలలు నిండకుండానే తొందరపడి వచ్చేసింది. అరచేతిలో ఇమిడిపోయేంత ఉందని వాళ్ళ నాన్న ‘పిసరు’ అన్నాడు. అదే ఖాయమైపోయింది. ఆ నాన్న గోడలకు రంగులు వేసే పెయింటర్. ఊళ్ళో సగం గోడలకు ఆయన తెలుసు గానీ, ఆసుపత్రిలో ఆయన గోడు వినేవాళ్ళు తక్కువ.

“దీనికి పైచర్మం ఇంకా తయారవలేదండీ,” అని మొదటిరోజే చెప్పింది నర్సు. “ఒంట్లో నీరంతా అందులోంచే ఆవిరైపోతుంది. పట్టీ అంటించి తీస్తే చర్మమే ఊడొస్తుంది. అందుకే పొర కట్టేదాకా పెట్టెలో తేమ పెట్టి ఉంచుతాం.”

“నేను రెండు కోట్లు వేస్తే గోడ నిలబడుతుంది సిస్టరమ్మా. దీనికెన్ని కోట్లు కావాలి?”

“కోట్లు అక్కర్లేదు, ఓపిక కావాలి. ముందు చేతులు కడుక్కోండి.”

పిల్ల తల్లి పై అంతస్తులో ఉంది, కుట్లు ఇంకా మానలేదు. పిల్ల నిలకడగా ఉంటే ఆ సాయంత్రం చక్రాల కుర్చీలో కిందికి తెచ్చి, ఒక్కసారి చెయ్యి వెయ్యనిస్తామన్నారు. పుట్టాక పిల్లను ఆమె తాకనే లేదు. పొద్దున్నే గోళ్ళు కత్తిరించుకుని, ఉంగరం తీసేసి, చేతులు ఒళ్ళో పెట్టుకుని సిద్ధంగా కూర్చుంది.

మధ్యాహ్నం పెయింటర్ ఒక్కడే పెట్టె పక్కన ఉన్నాడు. అద్దం లోపలివైపు చెమ్మ. చుక్కలు ఒకదాన్నొకటి పట్టుకుని జారుతున్నాయి. పాతికేళ్ళుగా ఆయనకున్న ఒకే ఒక్క పగ చెమ్మ మీద. చెమ్మ పట్టిన గోడకు ఎంత మంచి రంగు వేసినా ఉబ్బి ఊడిపోతుంది. కిటికీలు తెరవాలి, గాలి ఆడాలి, ఆరాకే లప్పం పూయాలి. నర్సు తేమ గురించి చెప్పింది ఆయన చెవులు విన్నాయి గానీ చేతులు వినలేదు. ‘అయ్యో, నానిపోతోంది పిల్ల’ అనుకుని పెట్టెకున్న గుండ్రటి కిటికీలు రెండూ బార్లా తీసేశాడు.

పిల్లకు పొర లేదు. నాన్నకు పొరపాట్లకు లోటు లేదు.

కాసేపటికే మిషను గొల్లుమంది. పిసరు ఒళ్ళు చల్లబడుతోంది. నర్సు పరుగున వచ్చి కిటికీలు మూసేసింది.

“ఎవరు తీశారివి?”

“లోపల చెమ్మ ఉంటేనూ... కాస్త గాలి ఆడుతుందనీ...”

“గోడనుకున్నారా?”

వెల్ల వేసే మనిషి వెలవెలబోయాడు.

పిల్ల మళ్ళీ వెచ్చబడేసరికి సాయంత్రం కరిగిపోయింది. చెయ్యి వెయ్యడం ఇప్పట్లో కుదరదు, చర్మం కాస్త గట్టిపడ్డాక చూద్దాం అన్నారు. ఆ మాట పైకి మోసుకెళ్ళాల్సింది ఆయనే.

భార్య అంతా విని, పొద్దున తీసేసిన ఉంగరం మళ్ళీ వేలికి తొడుక్కుంది. “మన పడగ్గది గోడకి చెమ్మొచ్చిందని ఏళ్ళ తరబడి మొత్తుకున్నాను. అప్పుడు కదల్లేదు. పిల్ల దగ్గర గుర్తొచ్చిందా మీ పనితనం?” అంది. ఆయన నవ్వబోయి ఆగిపోయాడు. ఆమె కొంగుతో కళ్ళు తుడుచుకుంటోంది.

మర్నాటి నుంచి పెయింటర్ చేతులు రెండూ చంకల్లో పెట్టుకుని కూర్చునేవాడు. నర్సు రోజురోజుకూ తేమ కొద్దికొద్దిగా తగ్గిస్తూ వచ్చింది. ఎర్రగా, తడితడిగా, నరాలన్నీ పైకే కనిపించే ఒళ్ళు మెల్లమెల్లగా నునుపు తేలింది. తల్లి మొదట కుర్చీలో, తర్వాత గోడ పట్టుకుని నడిచి వచ్చి, చూసి వెళ్ళేది. చూడ్డమే.

ఒక ఉదయం అద్దం తేటగా ఉంది. పిసరు పొట్ట మీద సన్నటి బీటలు, అంచులు లేచిన పెచ్చులు! పెయింటర్ చెయ్యి చంకలోంచి జారి కిటికీ గడియ దాకా వెళ్ళింది. అక్కడే ఆగి, మళ్ళీ చంకలోకి దూరింది.

“సిస్టరమ్మా! పెచ్చులూడుతోంది! లోపల చెమ్మ ఉండిపోయిందేమో చూడండి!”

నర్సు వచ్చి చూసి, ఆయన ముందు మొదటిసారి నవ్వింది. “ఊడేది పాతది నాన్నగారూ. కింద కొత్త పొర వచ్చేసింది. ఇక ఒంట్లో నీరు తనే ఆపుకుంటుంది. వెళ్ళి ఆవిణ్ణి పిలవండి.”

లిఫ్టు ఉన్న సంగతే మరిచిపోయి మెట్లెక్కాడాయన.

తల్లి ఒక అరచెయ్యి పిల్ల తలకు, ఒకటి పాదాలకు ఆనించి ఉంచింది. మిషను కిక్కురుమనలేదు. చాలాసేపటికి పక్కకు జరిగి, “ఊఁ, మీరూ రండి,” అంది.

“రుద్దకండి, నిమరకండి. ఊరికే పెట్టి ఉంచండి,” అంది నర్సు.

పైకీ కిందికీ ఆడటం తప్ప మరోటి తెలియని చెయ్యి అది. పిల్ల పొట్ట మీద మెత్తగా ఆనించి, బిగుసుకుపోయాడు. అరచేతి కింద పిసరు ఊపిరి మాత్రం కదులుతోంది.

“మీరు కూడా ఊపిరి తీసుకోవచ్చు,” అంది భార్య.

బయటికొచ్చాక చూసుకుంటే అరచేతికి ఉల్లిపొర కంటే పల్చటి పెచ్చు ఒకటి అంటుకుని ఉంది. రోజూ పని దిగగానే అలాంటి రంగు పెచ్చుల్ని కుళాయి కింద తోమి తోమి కడిగేస్తాడు.

“ఏం, చేతులు కడుక్కోరా?” అంది నర్సు.

“లోపలికెళ్ళే ముందు కడుక్కున్నాను కదమ్మా!” అని గుప్పిట మూసేసుకున్నాడు.